ఉగాది ప్రోగ్రామ్‌లో మూడు నిమిషాలు ఇచ్చారు: ఏ గిటార్ సోలో వాయించమంటారు?

ఏడో_ఫ్రెట్ (బెంగళూరు) | గురువారం, రాత్రి 10:52

మా అపార్ట్‌మెంట్ కేఆర్ పురం దాటాక. ఫ్లాట్లలో సగం మనవాళ్లే. ఏటా ఉగాదికి పచ్చడి, పంచాంగం, పిల్లల డాన్సులు, పెద్దల అంత్యాక్షరి ఉంటాయి. ఈసారి మీటింగులో నోరు జారి "నేను గిటార్ వాయిస్తా" అన్నాను. డాన్సులకీ అంత్యాక్షరికీ మధ్య మూడు నిమిషాలు రాసేసుకున్నారు. ఇంకా పదిహేను రోజులుంది.

ముప్పై నాలుగో ఏట గిటార్ పట్టినవాణ్ణి, ఇప్పుడు నలభై. మరీ కష్టమైనవి చెప్పకండి. పాట మొత్తం వద్దు, ఒక్క సోలో చాలు, అంటే పాటలో గొంతు ఆగి గిటార్ ముందుకొచ్చే ముక్క. నా కొలత ఒకటే: గిన్నెలు తోముకుంటూ నోటితో పాడుకోగలిగితే అది గుర్తుండే సోలో. పాడుకోలేనిది ఎంత గొప్పదైనా నా మటుకు సర్కస్. ఆ లెక్కన మనసులో ఉన్నది పింక్ ఫ్లాయిడ్ 1979 నాటి "కంఫర్టబ్లీ నంబ్". అందులో గిటారిస్టు డేవిడ్ గిల్మోర్‌వి రెండు సోలోలున్నాయి. మొదటిది చిన్నది, డీ మేజర్‌లో హాయిగా ఉంటుంది. రెండోది పాట చివర్లో బీ మైనర్‌లో, అది నా తాహతు కాదు. మొదటిది సరిపోతుందా?

వాల్వ్_వేడి (బెంగళూరు) | 10:58

గిటార్ ఆంప్లిఫయర్ ఏది?

పెంటటోనిక్_పిల్ల (బెంగళూరు) | 11:20

"సర్కస్" మాట వెనక్కి తీసుకోండి అన్నా.

వాన్ హేలెన్ బ్యాండ్ 1978లో వేసిన మొదటి ఆల్బమ్‌లో "ఎరప్షన్" అని ఉంది. నిడివి నిమిషం నలభై రెండు సెకన్లు. మాటల్లేవు, నోటితో పాడటం మీ వల్లా కాదు, నా వల్లా కాదు. చివర్లో రెండు చేతుల వేళ్లూ ఫ్రెట్‌బోర్డు (గిటార్ మీద మెట్లుండే మెడ) మీదే టకటకా పడతాయే, ఆ భాగం ఒక్కసారి విన్నవాళ్లు మర్చిపోగలరా? ఎనిమిదో తరగతిలో మా కజిన్ ఒక చెవి ఇయర్‌ఫోన్ నాకిచ్చి వినిపించాడు. గిటార్ అంటే నమ్మలేదు, కీబోర్డ్ అని వాదించాను.

ఆ బ్యాండ్ గిటారిస్టు ఎడీ వాన్ హేలెనే 1982లో మైకేల్ జాక్సన్ "బీట్ ఇట్"కి వాయించాడు, పైసా తీసుకోకుండా. అదీ ఉరుకే. కానీ ఆ ఉరుకులో ఎక్కడ ఆగాలో, ఎక్కడ కేక పెట్టాలో, ఏ మెట్టు నుంచి పైకి ఎగబాకాలో చూసుకునే వాయించాడు. అర నిమిషంలో అన్ని మలుపులు. నేను దాన్ని గిన్నెలు తోముతూ పాడను, నిజమే. బస్సులో కూర్చుని వేళ్లతో బ్యాగ్ మీద కొడతాను.

మద్రాసు_మావయ్య (చెన్నై) | శుక్రవారం, ఉదయం 6:05

నాయనా ఏడో ఫ్రెట్టూ, ఉగాదికి కూర్చున్న జనంలో ఇంగ్లీషు పాట తెలిసినవాళ్లు ఎంతమంది? ముందు అది లెక్క వేసుకో.

నేను ఎనభైల్లో ఇక్కడ లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటార్. పెళ్లి రిసెప్షన్లు, కోవెల ఉత్సవాలు, రాత్రికి నలభై పాటలు. 1982లో ఇళయరాజా తమిళ పాట "ఇళయ నిలా" వచ్చింది. ఇక చూసుకో, మైకు పట్టుకున్న ప్రతి వాడికీ అదే కావాలి. పాడేవాడికి సుఖమే. వెనకాల గిటార్ వాడి సంగతి ఎవడికి పట్టింది? పల్లవి కింద ఆ తీగలు ఒక్కొక్కటీ మీటుతూ పోవాలి, చరణానికి ముందు వచ్చే బిట్టు తప్పకూడదు. నా గిటార్‌కి తీగలు బాగా ఎత్తులో ఉండేవి, పాట అయ్యేసరికి వేళ్ల చివర గీతలు పడేవి. ఆ రికార్డింగులో వాయించినాయన ఆర్. చంద్రశేఖర్. నాకు ఆ పేరు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. క్యాసెట్ అట్ట మీద సంగీతం, గానం, రచన అన్నీ ఉంటాయి, గిటార్ ఎవరో మాత్రం ఉండదు.

అంతకు ముందు 1971లో "దమ్ మారో దమ్" గిటార్ కూడా అంతే. అది భూపిందర్ సింగ్ అని చాలామందికి తెలియదు, ఆయన్ని గాయకుడిగానే గుర్తుపెట్టుకున్నారు.

పెంటటోనిక్_పిల్ల | 8:31

మావయ్యా, అది సోలో కాదు కదా, ఇంటర్‌లూడ్! రాసిచ్చింది వాయించడమే కదా!

మద్రాసు_మావయ్య | 8:40

రాసిచ్చింది వాయించడం అంత చిన్నచూపా అమ్మాయ్? రాజాగారు నొటేషన్ ఇస్తే చూసిన చోటే వాయించాలి. పొరపాటైతే యాభై మంది ఆగిపోవాలి, మళ్లీ మొదటి నుంచి. పైగా రాసినాయన గిటారిస్టే. ధనరాజ్ మాస్టారి దగ్గర నేర్చుకుని, ట్రినిటీ క్లాసికల్ గిటార్ పరీక్షలో బంగారు పతకం తెచ్చుకుని, సలిల్ చౌదరి దగ్గర గిటార్ వాయించిన మనిషి. వేలు ఎక్కడ పడుతుందో తెలిసి రాసింది అది.

మోహన_వర్ణం (చెన్నై) | 9:15

గిటార్ రాదు, వయొలిన్ నేర్చుకుంటున్నాను. అయినా దూరుతున్నాను, క్షమించాలి.

"రాసుకున్నది", "అప్పటికప్పుడు వచ్చింది" అని రెండు గదులు కట్టేస్తే చిక్కు. మన దగ్గర కృతి వేరు, మనోధర్మం వేరు అంటాం. కానీ కృతిలో సంగతులన్నీ (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) ఒకప్పటి మనోధర్మమే, గట్టిపడి నిలిచిపోయినవి. మీరు చెప్పుకునే పెద్ద సోలోల్లో ఏవి రాసుకున్నవి, ఏవి కావు? ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఇంకో మాట. మీరు మైనర్ పెంటటోనిక్ (అయిదు స్వరాల వరస) అనేది మాకు శుద్ధ ధన్యాసి రాగం. మేజర్ పెంటటోనిక్ మోహన. రాక్ గిటారిస్టు రోజంతా శుద్ధ ధన్యాసిలోనే తిరుగుతున్నాడని మా మాస్టారికి చెబితే "పాపం, ఎప్పుడు బయటపడతాడు?" అన్నారు.

పెంటటోనిక్_పిల్ల | 9:50

నా పేరు మీద పడ్డారు అక్కా!

నాకు తెలిసిన మూడు చెబుతాను, మూడూ మూడు దారులు. లెడ్ జెపెలిన్ 1971 "స్టెయిర్‌వే టు హెవెన్": జిమ్మీ పేజ్ స్టూడియోలో మూడు సార్లు వాయించాడు, అందులో ఒకటి ఉంచారు. అది మీ మనోధర్మం. "కంఫర్టబ్లీ నంబ్": గిల్మోర్ అయిదారు సార్లు మనసుకు తోచినట్టు వాయించి, ఒక్కో దాంట్లో బాగున్న ముక్కలు ఏరి ఒకటిగా అతికాడు. అంటే మనం వింటున్న వరసలో ఆయన దాన్ని మొదట ఎప్పుడూ వాయించలేదు, తర్వాత తానే దాన్ని నేర్చుకోవాల్సి వచ్చింది.

మూడోది ఈగిల్స్ బ్యాండ్ "హోటల్ కాలిఫోర్నియా". దీని కథ నాకు చాలా ఇష్టం. బ్యాండ్ గిటారిస్టు డాన్ ఫెల్డర్ మాలిబూలో ఇంట్లో కూర్చుని డెమో చేశాడు, సోలోతో సహా. తర్వాత మయామీ స్టూడియోలో ఆయనా ఇంకో గిటారిస్టు జో వాల్షూ కొత్తగా ఏదో వాయించబోతే డ్రమ్మర్ డాన్ హెన్లీ ఆపాడు: డెమోలో ఉన్నదే కావాలి. క్యాసెట్ మాలిబూలో ఉంది. ఫెల్డర్ ఇంటికి ఫోన్ చేస్తే, పనిచేసే ఆవిడ క్యాసెట్ వెతికి, టేప్‌లో పెట్టి, ఫోన్ పక్కన పట్టుకుంది. ఆయన అది విని తన సోలో తానే మళ్లీ నేర్చుకున్నాడు. 1976లో ఆల్బమ్ వచ్చింది. ఆ ఫోన్ ఎత్తకపోయి ఉంటే మన కాలేజీ ఫెస్టుల్లో ఏం వాయించేవాళ్లో!

వాల్వ్_వేడి | 10:02

ఆంప్ ఏదో ఇంకా చెప్పలేదు.

ఏడో_ఫ్రెట్ | మధ్యాహ్నం 1:15

పదిహేను వాట్ల ప్రాక్టీస్ ఆంప్ బాస్. ఆఫీసులో ఒకాయన అమెరికా వెళ్తూ నాకు అమ్మేశాడు. గిటార్ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) నకలు.

వాల్వ్_వేడి | 1:40

అయితే కంఫర్టబ్లీ నంబ్ మానెయ్. ఆ సోలో సగం స్వరాల్లో ఉంది, సగం ఆ స్వరం ఆగకుండా సాగడంలో ఉంది. ఆంప్ గట్టిగా మోగినప్పుడు ఆ శబ్దమే వచ్చి తీగను మళ్లీ కదుపుతుంది, తీగ ఆగదు. కాలితో నొక్కే ఫజ్ పెడల్ సన్నబడుతున్న ధ్వనిని కూడా పైకి ఎత్తి పట్టుకుంటుంది. మీ హాల్లో పదిహేను వాట్లతో స్వరం మూడు సెకన్లలో చచ్చిపోతుంది, తర్వాత నువ్వు నిలబడి జనాన్ని చూస్తుంటావు.

అదే బృందానిదే "అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్" రెండో భాగం సోలో చూడు. డీ మైనర్. గిల్మోర్ అక్కడ లెస్ పాల్ గిటార్ తీసుకుని మొదట ఆంప్ లేకుండా నేరుగా మిక్సింగ్ డెస్క్‌కే తగిలించాడు. అంచేత శబ్దం పొడిగా, దగ్గరగా ఉంటుంది. చిన్న ఆంప్‌తో దాని దగ్గరికి పోవచ్చు. కాకపోతే తీగ బాగా లాగాలి. సన్న తీగలు, నైన్స్ వేసుకో, కాస్త లావు టెన్స్ వేసుకుంటే నీ వేళ్లు ఉగాది దాకా ఉండవు.

ఇక గిల్మోర్ వాడిన నల్ల స్ట్రాట్ 2019లో న్యూయార్క్ వేలంలో 39.75 లక్షల డాలర్లకి పోయింది. అప్పటి లెక్కలో మన 27 కోట్ల పైనే. డబ్బంతా వాతావరణ మార్పు మీద పనిచేసే సంస్థకి ఇచ్చేశాడు. నేను మాత్రం మా ఆవిడకి పెడల్ ధరలో ఒక సున్నా తగ్గించి చెప్పి బతుకుతున్నాను.

పాలకొల్లు_బస్సు (చెన్నై) | సాయంత్రం 6:22

ఇంతమంది ఉన్నారు, ఒక్కరైనా మా ఊరాయన పేరెత్తలేదేంటండీ?

మాండొలిన్ శ్రీనివాస్. 1969లో పాలకొల్లులో పుట్టారు. ఎనిమిది తీగల మాండొలిన్ పక్కనపెట్టి అయిదు తీగల ఎలక్ట్రిక్ చేయించుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ, తొమ్మిదేళ్ల పిల్లాడు. గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్‌తో కలిసి రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన రికార్డులు వినండి. వాళ్లిద్దరూ ఒకరికొకరు జవాబులు చెప్పుకునే చోట గిటార్ ఏదో, మాండొలిన్ ఏదో కళ్లు మూసుకుంటే నాకు ఇప్పటికీ తికమకే.

మోడరేటర్ | 6:45

థ్రెడ్ గిటార్ సోలోల గురించి.

పాలకొల్లు_బస్సు | 6:47

తీగలు తక్కువైతే గెంటేస్తారా అండీ? అయినా గిటార్‌కి ఆరే, మావాడికి అయిదు. ఒక్కటే తక్కువ.

మోహన_వర్ణం | 7:30

మోడరేటర్ గారూ, ఆయన్ని ఉండనివ్వండి, ఇది ఏడో ఫ్రెట్ గారి ప్రశ్నకి సూటిగా సంబంధించిన విషయం. శ్రీనివాస్ గారి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విని తీగ మీద పట్టుకునేవాడు. ఎక్కడ వేలు పెట్టాలో చెప్పేవాళ్లు లేరు. అంచేత గొంతులో ఉన్న గమకం (స్వరాన్ని ఊపే తీరు) యథాతథంగా ఫ్రెట్ల మీదికి రావలసి వచ్చింది. గిన్నెలు తోముతూ పాడుకోవడం అనే కొలత నవ్వులాట కాదు, ఒక చదువు మొత్తం దాని మీదే నడిచింది.

ఫ్రెట్లున్న వాయిద్యంలో గమకం ఎలా అంటే, తీగని పక్కకి లాగితే బిగువు పెరిగి స్వరం పైకి జరుగుతుంది. వీణలో మెట్ల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి లాగడం సుళువు. మెక్లాఫ్లిన్ శక్తి బృందం రోజుల్లో చేయించుకున్న గిటార్‌కి ఫ్రెట్ల మధ్య చెక్కని గుంటగా చెక్కించుకున్నాడు, పైగా శ్రుతి కోసం అడ్డంగా అదనపు తీగలు వేయించుకున్నాడు. బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్ గుంటలు లేకుండానే ఒక్క స్వరాన్ని అలా వణికించేవాడు, "ద థ్రిల్ ఈజ్ గాన్" విన్నాను. మా భాషలో చెప్పాలంటే కంపితం.

బళ్లారి_బేస్ (బెంగళూరు) | రాత్రి 9:10

2005లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో గిటారిస్టు మార్క్ నాఫ్లర్ వచ్చినప్పుడు నేనున్నా. పిక్ (తీగ మీటే ముక్క) లేకుండా, బొటనవేలూ రెండు వేళ్లతో మీటడం దూరం నుంచే తెలిసింది. "సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్" చివర్లో ఆ గబగబా పడే స్వరాల దగ్గర నా ముందు నిలబడ్డ ఒక పెద్దమనిషి రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. నాకు నాఫ్లర్ కంటే ఆయనే ఎక్కువ గుర్తు.

ఇంకోటి, మన బెంగళూరు గిటారిస్టు కోనారక్ రెడ్డి తండ్రి ఎవరో తెలుసా? "ఫిడేలు రాగాల డజన్" రాసిన పఠాభి. తండ్రి తెలుగు కవిత్వంలో ఫిడేలు పట్టాడు, కొడుకు గిటార్ పట్టాడు. ఎవరూ అడగలేదు, చెప్పాలనిపించింది.

రెండు_స్వరాలు (చెన్నై) | 11:48

పదిహేను రోజుల్లో నేర్చుకోగలిగేది కావాలంటే బజ్‌కాక్స్ 1977 "బోర్డమ్". సోలోలో ఉన్నవి రెండే స్వరాలు, అవే మళ్లీ మళ్లీ. అదీ ఎక్కువైతే నీల్ యంగ్ 1969 "సినమన్ గర్ల్", ఒక్కటే స్వరం.

ఏడో_ఫ్రెట్ | 11:55

నేను అంత ఎదగలేదు బ్రదర్.

రాత్రి_హైవే (చెన్నై) | శనివారం, తెల్లవారుజామున 2:36

పాడుకోలేని సోలో ఒకటి నాకుంది. ఫంకడెలిక్ 1971 "మ్యాగట్ బ్రెయిన్". బ్యాండ్ నాయకుడు జార్జ్ క్లింటన్ తన గిటారిస్టు ఎడీ హేజల్‌తో "మీ అమ్మ పోయిందని ఇప్పుడే తెలిసిందనుకుని వాయించు" అన్నాడు. పది నిమిషాలు ఒక్క గిటారే. మిగతా బ్యాండ్ వాయించినదాన్ని మిక్సింగులో చాలావరకు తగ్గించేశారు.

ఆ కథ నాకు కాలేజీలోనే తెలుసు, అప్పుడు గొప్పగా చెప్పుకు తిరిగేవాణ్ణి. నిరుడు నెల్లూరు నుంచి ఫోన్ వచ్చింది. రాత్రి ఒంటి గంటకి చెన్నై నుంచి కారు తీశాను. సూళ్లూరుపేట దాటాక పాటల వరసలో అదే వచ్చింది, నేను పెట్టలేదు. మూడో నిమిషంలో ఆపేశాను. ఆ తర్వాత ఇంతవరకు వినలేదు. ఎప్పటికైనా వింటాను.

మద్రాసు_మావయ్య | ఉదయం 5:50

నెల్లూరు మాదీ. చెన్నైలో ఎక్కడుంటావో మెసేజ్ పెట్టు నాయనా.

ఏడో_ఫ్రెట్ | ఆదివారం, మధ్యాహ్నం 12:30

నిన్న ఒక పరీక్ష పెట్టాను. వాయించకుండా, మీరు చెప్పినవన్నీ నోటితో "ట్యాం ట్యాం" అని మా ఆవిడకి పాడి వినిపించాను. ఆమెకి రాక్ అంటే ఆసక్తి లేదు. కంఫర్టబ్లీ నంబ్‌కి "బాగుంది, నిద్రొస్తోంది" అంది. బ్రిక్ ఇన్ ద వాల్‌కి ఏమీ అనలేదు. హోటల్ కాలిఫోర్నియా చివరి భాగం, రెండు గిటార్లు కలిసి మెట్లు దిగినట్టు వస్తాయే, అక్కడికి రాగానే నాతో పాటు అందుకుంది! ఎక్కడ విన్నావంటే తెలియదంది. హాస్టల్లోనో, ఎవరి రింగ్‌టోనో.

కాబట్టి అదే. నా యూజర్‌నేమ్ కూడా అందులోంచే వచ్చింది, ఆ పాట మొదట్లో వచ్చే పన్నెండు తీగల గిటార్‌కి కేపో (తీగలన్నిటినీ కలిపి నొక్కిపట్టే బిగింపు) ఏడో ఫ్రెట్ మీద ఉంటుంది. సోలో రెండు నిమిషాల పైచిలుకు, నాకిచ్చిన మూడు నిమిషాల్లో పడుతుంది. ఒక్కటే చిక్కు. చివర్లో ఇద్దరు కావాలి.

మోహన_వర్ణం | 1:05

అది బీ మైనర్ కదా. వింటూంటే అంతా నటభైరవి రాగంలా నడిచి, ఎఫ్ షార్ప్ కార్డు వచ్చిన చోటల్లా కాకలి నిషాదం (కాస్త పై ని) తగులుతుంది, కీరవాణి రాగం గుమ్మంలోకి ఒక అడుగు వేసి వెనక్కి వచ్చినట్టు. మీ ఇంటావిడ పట్టుకున్నది ఆ చోటే అయి ఉంటుంది. దాన్ని మాత్రం తప్పకండి. ఇంకో మాట: రోజూ ముందు పాడి, తర్వాత వాయించండి.

పెంటటోనిక్_పిల్ల | 1:20

రెండో గిటార్ నేను. మెట్రోలో బనశంకరి నుంచి మెజెస్టిక్, అక్కడ లైన్ మారి కేఆర్ పురం, గంటన్నర. రెండు సార్లు వస్తాను. భోజనం పెట్టాలి. పై వరస నాది, కింది వరస మీది.

మద్రాసు_మావయ్య | 1:34

జంటగా వాయించేటప్పుడు ఒకరి వేళ్లు ఒకరు చూడకండి. ఒకరిది ఒకరు వినండి. ఆర్కెస్ట్రాలో ఆ అలవాటు రావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఏడో_ఫ్రెట్ | పన్నెండు రోజుల తర్వాత, రాత్రి 11:40

అయింది.

పిల్లల డాన్సులు సాగి సాగి మాకు మూడు నిమిషాలు రెండున్నర అయ్యాయి. ఫోన్‌లో బ్యాకింగ్ ట్రాక్, నేను మొదలుపెట్టాను. ఫెల్డర్ భాగం నాది, వాల్ష్ భాగం ఆ అమ్మాయిది. నా భాగంలో రెండు చోట్ల తప్పాను, తీగ లాగితే స్వరం చేరాల్సిన చోటికి చేరలేదు. కాకలి నిషాదం మాత్రం పడింది మోహన గారూ. చివర్లో ఇద్దరం కలిసిన దగ్గర, నిజం చెప్పాలంటే, ఒంట్లో ఏదో అయింది. మావయ్య చెప్పినట్టు వేళ్లు చూడలేదు. ముందు వరసలో పెద్దవాళ్లు తల ఊపుతున్నారు, చప్పట్లు కూడా గట్టిగానే పడ్డాయి.

దిగి వచ్చాక వీడియో చూశాను. మిక్సర్ దగ్గరున్న అబ్బాయి, పాపం నా గిటార్ కీమంటోందనో ఏమో, వాల్ష్ భాగం మొదలవగానే నా చానెల్ పూర్తిగా దించేశాడు. మళ్లీ ఎత్తలేదు. నా ఒంట్లో ఏదో అయిన ఆ చివరి భాగం మొత్తం హాల్లో ఎవరికీ వినబడలేదు. వినబడింది ఆ అమ్మాయి పై వరస ఒక్కటే.

మా ఆవిడ మాత్రం "చివర్లో చాలా బాగా వాయించావు" అంది. చెప్పాలా వద్దా అని చూస్తున్నాను.

పెంటటోనిక్_పిల్ల | 11:44

చెప్పకండి అన్నా. స్టేజి మీద నాకు వినబడింది, రెండు వరసలూ అతుక్కున్నాయి. ఆంటీ పెట్టిన గుత్తివంకాయకి థాంక్స్ చెప్పండి.

మద్రాసు_మావయ్య | శనివారం, ఉదయం 5:55

ముప్పై ఏళ్లలో నా చానెల్ ఎన్నిసార్లు దించారో నాకే తెలియదు. వీడియోలు లేవు కాబట్టి బతికిపోయాను.

వాల్వ్_వేడి | ఉదయం 9:20

ఆ పదిహేను వాట్ల ఆంప్ అమ్ముతావా?